స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చల్లబడే కారు

ఒంగోలులో కార్ల ఏసీ పని చేయడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు దాటింది. వేసవి వచ్చిందంటే రోజుకు ఎనిమిది, పది బళ్లు చూస్తాను. వాటిలో చాలావరకు మర్నాటికే గుర్తుండవు. ఈ ఒక్కటి గుర్తుండిపోయిందంటే కారణం ఉంది. బండిలో వచ్చినావిడ మొదటి రోజే నాకు జవాబు చెప్పేశారు. నేను దాన్ని నోటుపుస్తకంలో రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, వదిలేశాను. ఆ ప్రశ్నార్థకం ఖరీదు తొమ్మిది రోజులు.

బండి, దాని జబ్బు

యజమాని ఎవరో, కారు ఏ కంపెనీదో చెప్పను. రిటైరైన ఉపాధ్యాయుడు కాబట్టి మాస్టారు అంటాను. చీమకుర్తి వైపు ఉంటారు. ఏడేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. భార్యకు వైద్యం కోసం పదిహేను రోజులకోసారి నెల్లూరు వెళ్లిరావాలి. జాతీయ రహదారి 16 మీద టంగుటూరు, సింగరాయకొండ, ఉలవపాడు, కావలి దాటుకుంటూ ఒంగోలు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. మే నెల ఎండలో, ఆ ఆరోగ్యంతో, ఏసీ లేకుండా ఆమెను తీసుకెళ్లడం కుదరని పని.

జబ్బు ఇలా ఉండేది. బయల్దేరినప్పుడు శాలువా కప్పుకోవాల్సినంత చల్లదనం. ముప్పావుగంట గడిచి, ఇక హాయిగా ఉందనుకునే వేళకు గాలి మెల్లగా వెచ్చబడుతుంది. బ్లోయర్ జోరు తగ్గదు, ఏసీ స్విచ్ మీద దీపం వెలుగుతూనే ఉంటుంది. ఉలవపాడు దగ్గర మామిడిపండ్ల కోసం పావుగంట ఆపి మళ్లీ తీస్తే అసలే రాదు. నెల్లూరులో ఆసుపత్రి ముందు మూడు గంటలు నీడలో నిలిపి తీస్తే మాత్రం ఏమీ జరగనట్టు చల్లగా వస్తుంది.

మాస్టారు ఇదంతా పాఠం చెప్పినంత వివరంగా చెప్పారు. వెనక సీట్లో కూర్చున్న ఆయన భార్య, అమ్మగారు, ఒక్క మాట కలిపారు. "ఒక్కోసారి స్పీడ్ బ్రేకర్ మీద దబ్బున పడితే మళ్లీ వస్తుంది నాయనా."

నా పుస్తకంలో ఆ రోజు చివరి వాక్యం అదే, పక్కన ప్రశ్నార్థకంతో.

నా దగ్గరికి రాకముందు బండి రెండు చోట్ల తిరిగింది. మొదటి చోట గ్యాస్ తగ్గిందని కొట్టారు. నెలకు మళ్లీ అదే గొడవ వస్తే మళ్లీ కొట్టారు. రెండో చోట, గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్ పోయింది, మార్చాలి అన్నారు, ఇరవై వేల పైచిలుకు లెక్క చెప్పారు. పింఛను మీద బతికే మనిషి ఆ మాట విని భయపడి నా దగ్గరికి వచ్చారు. కంప్రెసర్ పోయిన బండి మూడు గంటలు నీడలో ఉంటే బాగుపడదు. అందువల్ల ఆ మాటను ఆ రోజే పక్కన పెట్టాను. చేసిన మంచి పని ఆ రోజుకు అదొక్కటే.

దొరికిన తప్పు

ఉదయం తొమ్మిది గంటలు, షెడ్డులో 34 డిగ్రీలు. ఇంజిన్ ఆపి ఉండగా గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజీలు తగిలిస్తే రెండు వైపులా 110 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చూపించాయి. దీన్ని చూసి గ్యాస్ సరిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. ఈ ఏసీలో ఉండే ఆర్ 134ఏ గ్యాస్ లోపల కొంచెం ద్రవంగా మిగిలి ఉన్నంతవరకు, బండి ఆగి ఉన్నప్పుడు ప్రెషర్ బయటి వేడిని బట్టి ఉంటుంది తప్ప ఎంత గ్యాస్ ఉందన్నదాన్ని బట్టి కాదు. 34 డిగ్రీల దగ్గర 200 గ్రాములున్నా 500 గ్రాములున్నా ఆ 110 పీఎస్‌ఐ అలాగే చూపిస్తుంది.

ఇంజిన్ నడిపితే అసలు సంగతి బయటపడింది. కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే తక్కువ ప్రెషర్ వైపు 48, బయటికి పోయే ఎక్కువ ప్రెషర్ వైపు 310. ఆ ఉదయపు వేడికి ఎక్కువ వైపు 220 దాటకూడదు. గ్యాస్ మొత్తం మెషీన్లోకి లాగి తూకం వేస్తే 530 గ్రాములు తేలింది. బానెట్ కింద అంటించిన కాగితం మీద ఉండాల్సింది 400 గ్రాములు. కొట్టినప్పుడల్లా తూకం లేకుండా కొట్టారన్నమాట. బంపర్ వెనక, గ్యాస్ వేడిని బయటి గాలికి వదిలే కండెన్సర్ చూస్తే రెక్కల మధ్య తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. చీమకుర్తి వైపు నుంచి వచ్చే బళ్లన్నిటికీ ఉండే గ్రానైట్ దుమ్మే అది, వానకు తడిసి ఎండి సిమెంటులా గట్టిపడుతుంది.

నాకు సంతోషం వేసింది. గ్యాస్ ఎక్కువ, కండెన్సర్‌కు గాలి తక్కువ. ప్రెషర్ హద్దు దాటితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ వస్తుంది. కథ సరిగ్గా అతికింది. కండెన్సర్‌ను లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించాను. లోపలి గాలి, తేమ లాగేసేలా వాక్యూమ్ పెట్టి నలభై నిమిషాలు ఉంచి, 400 గ్రాములు తూచి ఎక్కించాను. 34, 220 వచ్చాయి. గాలి వచ్చే రెక్కల దగ్గర 13 డిగ్రీలున్నది 8కి దిగింది. మాస్టారు డబ్బులిచ్చి, నమస్కారం పెట్టి వెళ్లారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను. "బాబూ, సింగరాయకొండ దాటాం. మళ్లీ అదే."

బండిలో నిజంగానే తప్పు దొరికింది, సరిచేశాను కూడా. అయితే ఆయన నా దగ్గరికి వచ్చింది ఆ తప్పు కోసం కాదు. ఆ రోజే కాస్త ఆగి ఆలోచించి ఉంటే తెలిసేది. కండెన్సర్‌కు గాలి చాలక ప్రెషర్ పెరిగే బండి ఊళ్లో, సిగ్నళ్ల దగ్గర మొరాయించాలి. హైవే మీద 80 కిలోమీటర్ల వేగంలో ముందు నుంచి గాలి ధారాళంగా తగులుతుంది కాబట్టి బాగుండాలి. మాస్టారి బండి ఊళ్లో బాగుండి హైవే మీద ఆగుతోంది. లక్షణం తిరగబడి ఉంటే నేను దాన్ని చూడనేలేదు, ఎందుకంటే గేజీ మీద 310 కనబడింది. పెద్ద అంకె కనబడితే కళ్లు అక్కడే ఆగిపోతాయి.

షెడ్డులో రాని జబ్బు

రెండోసారి వచ్చినప్పుడు బండిని ఉంచేయమన్నాను. ఈసారి ఏమీ ముట్టుకోకుండా ముందు అనుమానాలు రాసుకున్నాను.

మొదటి అనుమానం మంచు. మనది సముద్రం పక్కన ఊరు, గాలిలో తేమ ఎక్కువ. డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ సున్నా డిగ్రీల కిందికి పోతే ఆ తేమంతా దాని మీద మంచుగా కట్టేస్తుంది. చల్లబడ్డాక ఆగడం, ఆపి ఉంచితే బాగుపడడం, రెండూ మంచు లక్షణాలే. కానీ మంచు కడితే గాలి దారి మూసుకుపోతుంది. బ్లోయర్ రొద అంతే ఉన్నా ముఖానికి తగిలే గాలి సన్నబడుతుంది. మాస్టారిని మళ్లీ అడిగాను. జోరు ఏ మాత్రం తగ్గదు, వేడి గాలే జోరుగా వస్తుంది అన్నారు. అయినా కూలింగ్ కాయిల్ వేడి కొలిచే సెన్సర్ తీసి ఐసు నీళ్లలో, తర్వాత మామూలు నీళ్లలో ముంచి మీటరుతో చూశాను. ఎక్కడా తడబడలేదు. మంచును కొట్టేశాను.

రెండోది గ్యాస్‌లో చిక్కుకున్న తేమ. కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రం దగ్గర ఒక్క చుక్క గడ్డకడితే గ్యాస్ దారి మూసుకుపోయి, తక్కువ వైపు ప్రెషర్ సున్నా కిందికి దిగుతుంది. నాలుగు రోజుల కిందటే వాక్యూమ్ పెట్టాను కాబట్టి దీనికి అవకాశం తక్కువ. కానీ గేజీలు తగిలించి ఉంచితే తెలుస్తుంది.

మూడోది విద్యుత్తు వైపు. కంప్రెసర్‌కు కరెంటు కలిపి తెంచే రిలే, ప్రెషర్ స్విచ్, కనెక్టర్లు, వైరింగు. నాలుగోది కంప్రెసర్ ముందుండి, బెల్టుతో తిరిగే పుల్లీకి దాన్ని కలిపి విడదీసే అయస్కాంత క్లచ్.

గేజీలు తగిలించి, ఇంజిన్ నడుపుతూ, ఏసీ వేసి, బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. గంటన్నర. మధ్యాహ్నం రెండు, నీడలో 41 డిగ్రీలు. నేను చెమటతో తడిసిపోయాను, బండిలో గాలి వచ్చే రెక్కల దగ్గర మాత్రం 9 డిగ్రీలు. రిలేను వేడి గాలి మెషీనుతో వేడి చేసి చూశాను, పక్కనున్న అదే రకం హారన్ రిలేతో మార్చి చూశాను. ఏమీ కాలేదు. సాయంత్రం కొంచెం, మర్నాడు మళ్లీ ఒక గంట. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇలాంటప్పుడే చాలామందికి చేయి దురద పెడుతుంది. ఏదో ఒకటి మార్చి పంపేద్దాం, తగ్గితే తగ్గింది అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కొత్త రిలే రెండు వందల లోపే. వేసి పంపితే మాస్టారు మళ్లీ ఉలవపాడు దాకా వెళ్లి, అక్కడ నుంచి ఫోను చేసేవారు.

మా కుర్రవాడు బానెట్ మూయబోతూ, "అన్నా, ఇది మూసేస్తే లోపల చేయి పెట్టలేనంత వేడి వస్తుంది కదా" అన్నాడు. మామూలుగానే అన్నాడు, కాలిందేమో. కానీ నా తప్పు నాకు ఆ మాటతోనే తెలిసింది. గేజీల పైపుల కోసం రెండు రోజులూ బానెట్ ఎత్తే ఉంచాను. వేడికి వచ్చే జబ్బును, వేడంతా పైకి పోయేలా మూత తెరిచి పెట్టి, రావడం లేదేమిటా అని ఎదురుచూశాను.

ఆ సాయంత్రం నోటుపుస్తకం మళ్లీ తీశాను. స్పీడ్ బ్రేకర్ మీద పడితే వస్తుంది.

కుదుపుకు బాగుపడేవి రెండే. వదులుగా ఉన్న కనెక్షన్ ఒకటి, అంటుకోవాల్సి ఉండి కొద్దిలో అంటుకోలేక ఆగిన ఇనుప ముక్క ఇంకొకటి. గ్యాస్‌కు కుదుపు తెలియదు, మంచుకు తెలియదు, ప్రెషర్ స్విచ్‌కు తెలియదు. ఆవిడ ఒక్క వాక్యంతో నా జాబితాలో సగం కొట్టేశారు. దాన్ని చదవడానికి నాకు వారం పట్టింది.

మీటరుతో ప్రయాణం

ఇప్పుడు ప్రశ్న ఒక్కటే. కంప్రెసర్ ఆగినప్పుడు క్లచ్ దాకా కరెంటు వస్తోందా, లేదా? రాకపోతే రిలే నుంచి కనెక్టర్ దాకా విద్యుత్తు దారిలో తప్పుంది. వస్తుంటే ఆ దారంతా నిర్దోషి, తప్పు క్లచ్‌దే. ఈ ఒక్క కొలతతో మిగిలిన అనుమానాలు రెండుగా చీలిపోతాయి. కాకపోతే కొలత జబ్బు వచ్చిన క్షణంలోనే జరగాలి, బానెట్ మూసి ఉండగానే జరగాలి.

క్లచ్ కనెక్టర్ వెనక నుంచి, వైరు పక్కగా, రెండు సన్నటి పిన్నులు దూర్చాను. ఒకటి పాజిటివ్‌కు, ఒకటి ఎర్త్‌కు. వాటికి రెండు పొడవాటి వైర్లు, పాజిటివ్ వైరుకు దారిలో ఒక చిన్న ఫ్యూజు. ఫ్యానుకు, బెల్టుకు, సైలెన్సర్ పైపుకు తగలకుండా వాటిని బానెట్ అంచు వెంట టేపుతో అంటించి, కిటికీలోంచి లోపలికి లాగి మీటరుకు కలిపాను. గాలి వచ్చే చోట థర్మామీటరు. మాస్టారు నడిపారు, నేను పక్క సీట్లో మీటరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒంగోలులో బయల్దేరేటప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

టంగుటూరు టోల్ దాకా మీటరు 13.1 వోల్టుల దగ్గర కదలకుండా ఉంది. ఎండ మండిపోతుంటే లోపల చల్లబరచడానికే కంప్రెసర్‌కు తీరిక లేదు, ఆగడం అన్న మాటే లేదు. ఆ తర్వాత లోపల బాగా చల్లబడి, సెన్సర్ కంప్రెసర్‌ను ఆపడం, వేయడం మొదలైంది. మీటరు 0, తర్వాత 13.1, మళ్లీ 0. వేసినప్పుడల్లా ముందు నుంచి సన్నగా టక్‌మని చప్పుడు, ఇంజిన్ మీద చిన్న బరువు.

సింగరాయకొండ దాటాక ఒక గ్రానైట్ లారీని దాటించడానికి మాస్టారు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు. ఇంజిన్‌కు పూర్తి బలం కావాల్సినప్పుడు చాలా బళ్లు కొన్ని క్షణాలు కంప్రెసర్‌ను వాటంతట అవే ఆపేస్తాయి. మీటరు 0కి పడింది. లారీ వెనకబడింది. మీటరు 13.1కి వచ్చింది. టక్‌మనలేదు.

థర్మామీటరు 9, 11, 14. మీటరు మాత్రం 13.1 దగ్గరే ఉంది.

"చూశావా బాబూ, మొదలైంది" అన్నారు మాస్టారు దిగులుగా. ఆయనకు దిగులు, నాకు పండగ. కరెంటు వస్తోంది, క్లచ్ పట్టుకోవడం లేదు. రిలే, ప్రెషర్ స్విచ్, సెన్సర్, వైరింగు, అన్నీ ఒక్క దెబ్బతో జాబితాలోంచి పోయాయి. కొంతదూరం పోయాక వంతెన అతుకు మీద చక్రాలు దబ్బుమన్నాయి, టక్‌మని చప్పుడైంది, థర్మామీటరు దిగడం మొదలుపెట్టింది. అమ్మగారు ఆ రోజు బండిలో లేరు. ఉంటే బాగుండేది.

ఉలవపాడు దగ్గర రోడ్డు పక్క మామిడిపండ్ల పందిళ్ల ముందు ఆపించాను. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తకుండా ఇరవై నిమిషాలు ఉంచాం. గాలి ఆడక ఇంజిన్ వేడంతా లోపలే కుమిలే సమయం అది. మళ్లీ తీసి ఏసీ వేస్తే మీటరు 13.0, గాలి వేడిగా. ఇంజిన్ ఆపకుండా దిగి బానెట్ ఎత్తాను. టార్చి వేసి సందులోంచి చూస్తే పుల్లీ గిర్రున తిరుగుతోంది, దాని ముందున్న ప్లేటు మాత్రం కదలడం లేదు. ప్లేటు మీద ఒక చిన్న తుప్పు మచ్చ, ఉన్నచోటే ఉండి నన్ను చూస్తోంది.

పందిరి యజమాని దగ్గర పొడవాటి సరుగుడు కర్ర అడిగి తీసుకున్నాను. ఈ పని అలవాటు లేనివాళ్లు చేయకూడదు. తిరిగే బెల్టు, ఎప్పుడు మొదలవుతుందో తెలియని ఫ్యాను పక్కనే ఉంటాయి. చొక్కా చేతులు మడిచి, తువ్వాలు తీసేసి, కర్ర కొనతో ప్లేటును పుల్లీ వైపు మెల్లగా తట్టాను.

టక్. తుప్పు మచ్చ కనిపించనంత వేగంగా ప్లేటు తిరిగింది. అరనిమిషంలో లోపల నుంచి మాస్టారు, "వచ్చింది, వచ్చింది" అన్నారు. తర్వాత కిందికి దిగి, కర్ర వంక, నా వంక చూసి, "లెక్క మధ్యలో ఆగిపోయిన పిల్లవాణ్ణి వీపు తట్టినట్టు తట్టావయ్యా" అన్నారు.

ఎందుకలా జరిగింది

క్లచ్ నిర్మాణం చిన్నదే. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ బెల్టుతో పుల్లీ తిరుగుతూనే ఉంటుంది. దాని వెనక రాగి తీగ చుట్టిన కాయిల్. కరెంటు వస్తే కాయిల్ అయస్కాంతమై, ముందున్న ప్లేటును లాగి పుల్లీకి అతికిస్తుంది. అప్పుడే కంప్రెసర్ తిరుగుతుంది. కరెంటు పోతే స్ప్రింగులు ప్లేటును వెనక్కి లాగేస్తాయి. ప్లేటుకు, పుల్లీకి మధ్య ఖాళీ ఈ కంప్రెసర్‌లో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల లోపు ఉండాలి.

షెడ్డుకు వచ్చాక, వేడి మీదే ఇంజిన్ ఆపి కాయిల్ నిరోధం కొలిస్తే 4.6 ఓములు. మర్నాడు ఉదయం పూర్తిగా చల్లారాక 3.6. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. ఆ లెక్కన కాయిల్ 100 డిగ్రీల వేడిని చూస్తోంది. దానివల్ల కరెంటు దాదాపు 3.6 ఆంపియర్ల నుంచి 2.8కి పడిపోయింది. అయస్కాంతం లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, కరెంటులో ఐదో వంతు పోతే బలంలో మూడో వంతుకు పైగా పోతుంది.

సన్నటి సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్‌తో ఖాళీని మూడు చోట్ల కొలిచాను. 0.85, 0.90, 0.85. ఖాళీ రెట్టింపైతే లాగే బలం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ దూరాన్ని ఎలాగో దూకగలిగిన ప్లేటు, వేడెక్కాక దూకలేకపోతోంది.

మాస్టారు చెప్పిన ప్రతి లక్షణం దీనికి సరిపోయింది. ఒకసారి అతుక్కున్నాక ఖాళీ ఉండదు కాబట్టి తక్కువ కరెంటుతోనే పట్టు నిలుస్తుంది. అందుకే నడుస్తూ నడుస్తూ ఎప్పుడూ ఆగలేదు. వదిలి మళ్లీ పట్టుకోవాల్సి వచ్చినప్పుడే ఆగేది. ఊళ్లో ఎండకు కంప్రెసర్ వదలకుండా నడిచేది, గొడవ లేదు. హైవే మీద లోపల చల్లబడి వదలడం, పట్టడం మొదలయ్యాకే గొడవ. మామిడిపండ్ల దగ్గర ఆగితే కాయిల్ ఇంకా కుమిలేది. ఆసుపత్రి నీడలో మూడు గంటలకు చల్లారేది. స్పీడ్ బ్రేకర్ కుదుపుకు ప్లేటు వెంట్రుకవాసి ముందుకు ఊగితే చాలు, మిగతా పని అయస్కాంతం చేసుకునేది.

ఏడేళ్లలో పట్టిన ప్రతిసారీ కొంచెం కొంచెం అరిగిన ప్లేటు ఇది. ఎక్కువ గ్యాస్‌తో, ఎక్కువ ప్రెషర్ మీద కొన్ని నెలలు నడవడం ఆ అరుగుదలను తొందర చేసి ఉంటుందని నా అభిప్రాయం. కాబట్టి మొదటి రోజు చేసిన పని పూర్తిగా వృథా అనుకోను. కానీ దాన్ని చూపించి నన్ను నేను సమర్థించుకోను.

చేసిన పని

ముందు తేలికైనది చేశాను. బ్యాటరీ దగ్గర 13.9 ఉంటే క్లచ్ దగ్గరికి 13.1 చేరుతోంది. పోయిన 0.8లో 0.6 రిలే సాకెట్‌లోనే పోతోంది. రిలే పిన్నును పట్టుకునే సాకెట్ కాలు ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉంది. శుభ్రం చేసి, కాలును కొంచెం బిగిస్తే పోయేది 0.2కు తగ్గింది. అంతటితో ఆపి, మళ్లీ మాస్టారితో సింగరాయకొండ దాకా వెళ్లొచ్చాను. రెండు పనులూ ఒకేసారి చేసి ఉంటే ఏది పని చేసిందో తెలిసేది కాదు. జబ్బు వచ్చింది. కాకపోతే ముప్పావుగంటకు బదులు గంటంబావుకు వచ్చింది. సాకెట్‌కు తప్పులో వాటా ఉంది గానీ అసలు దొంగ అది కాదు.

తర్వాత క్లచ్. కొత్త సెట్ వేయాలా, ఉన్నదాన్నే సరిచేయాలా? పుల్లీని చేత్తో తిప్పితే బేరింగు చప్పుడు లేదు. అతికే ముఖం మీద గీతలున్నాయి గానీ కాలి నీలం రంగు తిరగలేదు. కంప్రెసర్ ముక్కు దగ్గర నూనె చెమ్మ లేదు. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు 3.6 ఓములంటే ఆరోగ్యంగానే ఉంది. మార్చాల్సిన కారణం ఒక్కటీ కనబడలేదు. ఐదారు వేల సామాను వేయకుండా ఆగాను.

ముందు చక్రం, మడ్ గార్డు విప్పితే క్లచ్ ఎదురుగా వస్తుంది. ప్లేటు తిరగకుండా పట్టుకుని మధ్య బోల్టు విప్పి, ప్లేటును ముందుకు లాగాను. లోపల ఇరుసు మీద రెండు షిమ్‌లు, పల్చటి ఇనుప వాషర్లు, ఒకటి 0.5, ఒకటి 0.1. పెద్దదాన్ని తీసేసి చిన్నదాన్ని ఉంచాను. బిగించి కొలిస్తే 0.35, 0.40, 0.35. రెండూ తీసేస్తే ఇంకా గట్టిగా పడుతుందిగా అని మా కుర్రవాడు అడిగాడు. 0.3 కన్నా దగ్గరైతే వేడికి లోహం వ్యాకోచించి, వదలాల్సినప్పుడు ప్లేటు పుల్లీకి రాసుకుంటూ కాలిపోతుంది. గ్యాస్ పైపు ఒక్కటి కూడా విప్పలేదు. పని మొత్తం గంటన్నర.

పరీక్ష మాత్రం మూడు రోజులు చేశాను. రోజూ మధ్యాహ్నం గంటసేపు హైవే మీద నడిపి, బానెట్ మూసి ఇరవై నిమిషాలు ఎండలో ఉంచి, తీసి, ఏసీ స్విచ్‌ను పదిసార్లు ఆపి వేయడం. ముప్పైకి ముప్పైసార్లు టక్‌మంది. ఆ తర్వాతే బండి ఇచ్చాను. షిమ్ పనికి కూలి తీసుకున్నాను. రెండోసారి షెడ్డులో పెట్టుకున్న రోజులకు, మీటరు ప్రయాణాలకు ఏమీ తీసుకోలేదు. ఆ రోజుల్లో సగం బానెట్ ఎత్తి కూర్చున్న నా తెలివితక్కువకు పోయాయి కదా.

రోహిణి కార్తెలో రెండుసార్లు నెల్లూరు వెళ్లొచ్చారు. ఫోను రాలేదు. రాకపోతే నేనే చేశాను. "ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ ఎక్కినా దిగినా ఒకటే నాయనా" అన్నారు అమ్మగారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో సర్వీసుకు వచ్చినప్పుడు మళ్లీ కొలిచాను. 0.40, 0.40, 0.40.

ఆ వేసవిలోనే కావలి నుంచి ఒక టాక్సీ డ్రైవర్ వచ్చాడు. మాస్టారి సంగతి ఎక్కడో విన్నాడు. వేడెక్కితే ఏసీ ఆగిపోతోంది, మామిడిపండ్ల దగ్గర ఆపితే అసలు రావడం లేదు, ఆ వాషర్ తీసేయండి అన్నాడు. ఖాళీ కొలిస్తే 0.5 ఉంది. వైర్లు కిటికీలోంచి లాగి, బానెట్ మూసి, హైవే మీదికి పంపించాను. ఆగిన క్షణాన మీటరు 0 చూపించింది. అతని బండిలో పోయింది రిలే.